గేదెపాలు పొడియైన కథ

పొదుగునుండి పితికిన పాలకు ఆయువు కొద్ది గంటలు మాత్రమే. వడ్లను గాదెలో పోసి ధర పెరుగువరకు ఆగవచ్చును. మిరపకాయలను, పసుపును కొట్టులో దాచి వర్తకునితో బేరమాడవచ్చును. పాల విషయమున ఇట్టి వెసులుబాటు లేదు. పాలలో ప్రవేశించిన సూక్ష్మజీవి యొకటి వేసవి వేడిలో అరగంటకొకమారు రెండుగ చీలునని అనుకొందము. 12 గంటలలో అది 24 మార్లు రెట్టింపగును. అప్పుడు ఆ యొక్కటియే 1,67,77,216 సూక్ష్మజీవులగును. ఈ లెక్కను ఉన్నత పాఠశాల విద్యార్థి యెవడైనను వేసి చూచుకొనవచ్చును. ఇవి పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లముగ మార్చును. ఆమ్లము పెరిగినకొలది పాలు పులిసి విరిగిపోవును.

ఇందువలననే పాడిరైతు బేరములో ఎల్లప్పుడును బలహీనుడు. కొనువాడు సాయంత్రము వరకు ఆగగలడు. అమ్మువాడు ఆగలేడు. ఆగినచో అతని సరకే నశించును. కావున ఆహారమును శుద్ధిచేసి నిలువచేయు పరిశ్రమను పట్టణవాసుల సౌఖ్యమునకు మాత్రమే పుట్టినదానిగ భావించుట పొరపాటు. రైతునకు కాలమును సంపాదించి యిచ్చుట దాని మొదటి పని. కాలము చేతిలోనున్న వానికే ధరను గూర్చి మాటలాడు శక్తి కలుగును.

స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలో భారతదేశమున ఈ కాలమును సంపాదించుటకు ఒక విచిత్రమైన అడ్డంకి యెదురయ్యెను. పాలను పొడిచేసి మాసములతరబడి నిలువచేయు విద్య పాశ్చాత్య దేశములలో ఆవుపాలపై పెరిగినది. మన దేశమున విరివిగ లభించునవి గేదెపాలు. గేదెపాలను పొడిచేయుట సాధ్యముకాదని నిపుణులు పలువురు చెప్పుచుండిరి. ఆ మాటలోని నిజమెంతో ప్రయోగముచేసి తేల్చిన చరిత్ర మన ఆహార పరిశ్రమలో ఒక ముఖ్యఘట్టము.

పూర్వులెరిగిన మార్గములు

పాలను కాపాడు ఉపాయములు మన యిండ్లకు క్రొత్తవి కావు. దాలిగుంటలో పిడకలసెగపై పాలకుండను ఉదయమునుండి సాయంత్రము వరకు కాగనిచ్చు అలవాటు తెలుగుపల్లెలలో తరతరములుగ నున్నది. ఆ సన్నని వేడికి సూక్ష్మజీవులు వృద్ధిపొందజాలవు. పాలకు తోడుపెట్టుట మరియొక ఉపాయము. పాలను పాడుచేయు సూక్ష్మజీవులకు తావులేకుండ, మేలుచేయు వాటినే ముందుగ ప్రవేశపెట్టుట తోడులోని రహస్యము. పెరుగును చిలికి వెన్నతీసి, వెన్నను కాచి నెయ్యి చేసినచో అది నెలలతరబడి నిలుచును. నేతిలో నీరు దాదాపు లేకపోవుటయే దానికి కారణము. నీరులేనిచోట సూక్ష్మజీవి వృద్ధిపొందజాలదు. ఒరుగులు, వడియములు, అప్పడములు, ఉప్పుచేపలు నిలువయుండుటకును ఇదియే సూత్రము.

అయితే నేతిగ మారినది పాలలోని కొవ్వు మాత్రమే. మాంసకృత్తులు, పాలచక్కెర, సున్నపు లవణములు మజ్జిగలో మిగిలిపోవును. కోవాలో ఇవన్నియు నుండును గాని తేమ మిగిలియుండుటచే అది కొద్దిదినములకు మించి నిలువదు. పాలలోని పోషకద్రవ్యములు నష్టపడకుండ నీటిని మాత్రమే తొలగించుట యెట్లు? పాలపొడి విద్య యంతయు ఈ యొక్క ప్రశ్నకు సమాధానమే.

తుంపరలనుండి పొడి

ఆసియా ఖండపు మంగోలులు పాలను ఎండలో ఆరబెట్టి ప్రయాణములలో వెంట తీసికొనిపోవుచుండిరని 13వ శతాబ్దిలో మార్కోపోలో వర్ణించెను. యంత్రముతో చేయు పద్ధతికి 1872లో బీజము పడెను. ద్రవమును సన్నని తుంపరలుగ చిమ్మి వేడిగాలిలో ఆరబెట్టు విధానమునకు అమెరికాలో శామ్యూల్ పెర్సీ యనునతడు ఆ సంవత్సరము పేటెంటు పొందెను. 1901లో జర్మనీకి చెందిన రాబర్ట్ స్టాఫ్ పాలను ఆ విధముగ పొడిచేయుటకు పేటెంటు సంపాదించెను. 1933లో డెన్మార్కు ఇంజనీరు యొహాన్ ఎర్నెస్ట్ న్యూరోప్ వేగముగ తిరుగు చక్రముతో ద్రవమును తుంపరచేయు యంత్రములకై ఒక సంస్థను స్థాపించెను. నీరో అను పేరుగల ఆ యంత్రములు తరువాత అనేక దేశముల పాలకర్మాగారములకు చేరెను.

తుంపర చేయుటలోని ప్రయోజనమును చిన్నలెక్కతో గ్రహింపవచ్చును. ఒక లీటరు ద్రవమును ఒకే గోళముగ భావించినచో దాని ఉపరితలము సుమారు 0.05 చదరపు మీటరు. అదే లీటరును మిల్లీమీటరులో 20వ వంతు వ్యాసముగల బిందువులుగ చేసినచో, బిందువుల సంఖ్య 1,500 కోట్లకు మించును. వాటి ఉపరితలముల మొత్తము 120 చదరపు మీటర్లగును. అనగా గాలి తగులు చోటు 2,400 రెట్లు పెరిగినది. నీరు ఉపరితలమునుండియే ఆవిరియగును గనుక, గంటలు పట్టవలసిన పని కొన్ని సెకండ్లలో ముగియును.

గదిలోనికి పంపు గాలి 150 నుండి 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడితో నుండును. అంత వేడిలో పాలు మాడిపోవా యను సందేహము కలుగుట సహజము. వేసవిలో మట్టికుండలోని నీరు చల్లగనుండుటకు గల కారణమే ఇక్కడను పాలను రక్షించును. నీరు ఆవిరియగునపుడు వేడిని గ్రహించును. బిందువునుండి నీరు వేగముగ ఆవిరియగుచున్నంతసేపు దాని ఉష్ణోగ్రత చుట్టునున్న గాలికంటె చాల తక్కువగ నుండును. ఆరిన రేణువులు గది అడుగునకు చేరగనే వాటిని బయటకు తీసి చల్లార్తురు.

పాలను నేరుగ తుంపరచేయుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. అందుచే ముందుగ గాలిపీడనము తగ్గించిన పాత్రలలో తక్కువ ఉష్ణోగ్రతవద్దనే మరిగించి చిక్కబరతురు. 100 కిలోల గేదెపాలలో 16 కిలోల ఘనపదార్థము కలదనుకొందము. దానిని 40 శాతము ఘనపదార్థముగల చిక్కనిపాలుగ చేసినచో 40 కిలోలు మిగులును. అనగా 60 కిలోల నీరు అక్కడనే పోయినది. తరువాత తుంపర గదిలో మరి 23 కిలోల నీరు పోగా, 4 శాతము తేమగల పొడి 17 కిలోలకు కొంచెము తక్కువగ లభించును. 100 కిలోల బరువు, కొద్ది గంటల ఆయువు గల సరకు 17 కిలోల బరువు, కొన్ని మాసముల ఆయువు గలదైనది.

ఖేడా జిల్లా రైతుల చిక్కు

గుజరాతులోని ఖేడా జిల్లా పాడికి పేరుగన్నది. 1945లో బొంబాయి నగరమునకు పాలు సరఫరాచేయు ప్రభుత్వ పథకము ఆరంభమయ్యెను. ఖేడాలో పాలను సేకరించు హక్కు ఒక ప్రైవేటు సంస్థకు లభించెను. నగరములో పాలకు పలుకు ధరలో తమకు దక్కునది స్వల్పమని రైతులు సర్దార్ వల్లభభాయి పటేలునకు మొరపెట్టుకొనిరి. పాలను కాచి శుద్ధిచేయు కర్మాగారము సైతము తమదిగాగల సహకారసంఘమును స్థాపించుకొనుడని ఆయన సలహానిచ్చెను. 1946 జనవరి 4న సమర్ఖా గ్రామమున జరిగిన సభలో రైతులు అందుకు తీర్మానించి, కొన్నిదినములు పాలు పోయుట మానివేసిరి. ప్రభుత్వము దిగివచ్చెను. 1946 డిసెంబరు 14న ఖేడాజిల్లా పాల ఉత్పత్తిదారుల సహకారసంఘము రిజిస్టరయ్యెను. త్రిభువనదాస్ పటేల్ దానికి అధ్యక్షుడు. రెండు గ్రామసంఘములతో, రోజునకు 250 లీటర్లకు మించని పాలతో 1948లో పని ప్రారంభమయ్యెను.

1949లో వర్గీస్ కురియన్ అను యువ ఇంజనీరు ప్రభుత్వోద్యోగిగ ఆనంద్ పట్టణమునకు వచ్చెను. అతడు ప్రభుత్వ విద్యార్థివేతనముతో అమెరికాలోని మిచిగన్‌లో చదివినవాడు. కొలదికాలములోనే ఉద్యోగమును విడిచి సహకారసంఘములో చేరెను. మిచిగన్‌లో అతనికి మిత్రుడైన హరిచంద్ మేఘా దలాయా అను పాడిశాస్త్ర నిపుణుడును ఆనంద్‌నకు వచ్చి చేరెను.

సంఘము పెరిగినకొలది క్రొత్త చిక్కు వచ్చెను. గేదెలు ఎక్కువగ వానకాలము చివరను, చలికాలము మొదటను ఈనును. ఆ కాలమున పచ్చగడ్డియు సమృద్ధిగ నుండును. కావున చలికాలపు పాలు వేసవి పాలకు రెట్టింపునకు మించియుండును. బొంబాయి నగరవాసుల అవసరము మాత్రము ఋతువునుబట్టి మారదు. చలికాలములో మిగులు పాలను కొనుటకు బొంబాయి పథకము వెనుదీసెను. తమ సంఘమే తమ పాలను వద్దన్నచో రైతు తిరిగి దళారి గుమ్మము త్రొక్కవలసినదే. ఇంకొకవంక అదే కాలమున విదేశపు పాలపొడి ఓడలలో బొంబాయి రేవున దిగుచుండెను. చలికాలపు మిగులును పొడిగను, వెన్నగను మార్చి వేసవికి దాచుకొనగలిగిననే సంఘము నిలుచును. లేనిచో అది చెదరిపోవును.

గేదెపాల ప్రత్యేకత

గేదెపాలను పొడిచేయజాలమనుట వట్టి అపోహ మాత్రమే కాదు. దానికి కొంత ఆధారము కలదు. ఆవుపాలలో కొవ్వు సుమారు 4 శాతము, గేదెపాలలో 7 శాతము. ఆవుపాలలో మొత్తము ఘనపదార్థము 12, 13 శాతము కాగా గేదెపాలలో 16, 17 శాతము. మాంసకృత్తులును, కాల్షియమును గేదెపాలలోనే అధికము. 100 మిల్లీలీటర్ల ఆవుపాలలో 120 మిల్లీగ్రాముల కాల్షియము ఉండగా, గేదెపాలలో 180 మిల్లీగ్రాముల వరకు నుండును. కెరోటీన్ అను పసుపువన్నె పదార్థము గేదెపాలలో లేనందున అవి తెల్లగ నుండును. చల్లపోసిన తరువాత గేదె పెరుగు కత్తితో కోయదగినంత గట్టిగ తోడుకొనుట అందరు నెరిగినదే. ఈ గట్టిదనమునకు కారణమైన కేసీన్, కాల్షియములే పొడి చేయుటలో ఇబ్బందిని కలిగించును.

పాలను చిక్కబరచునపుడు మాంసకృత్తుల రేణువులు ఒకదానికొకటి చేరువగును. కాల్షియము అధికముగ నున్నందున వేడికి అవి త్వరగ అతుకుకొని పాలు జిగటగ మారును. జిగటపాలను సన్నని బిందువులుగ చేయుట కష్టము. బిందువు పెద్దదైనచో లోపలి తేమ పోదు. అధికమైన కొవ్వు రేణువుల పైకి వచ్చి పొడిని ముద్దకట్టించును. ఆ కొవ్వు గాలిలోని ఆక్సిజనుతో కలిసి ముక్కవాసన పుట్టించును. ఆవుపాలకై నిర్ణయించిన వేడి, చిక్కదనము, వేగములతోనే గేదెపాలను యంత్రములో పోసినచో ఫలితము చెడుట సహజమే.

ఇచట గమనింపదగిన తర్కదోషమొకటి కలదు. ఈ పద్ధతిలో గేదెపాలు పొడికాలేదు అనుట వేరు. గేదెపాలు పొడికానేరవు అనుట వేరు. మొదటిది పరిశీలనము, రెండవది తీర్పు. పాశ్చాత్య దేశములలో గేదెపాడి స్వల్పము. అక్కడి ప్రయోగశాలలకు గేదెపాలను గూర్చి శ్రమపడవలసిన అవసరము కలుగలేదు. ఎవరును శ్రద్ధతో అడుగని ప్రశ్నకు సమాధానము లేకుండుట వింతకాదు. ఆ లేమినే అసాధ్యతగ భావించుట మాత్రము శాస్త్రము కాదు.

ఆనంద్ ప్రయోగము

దలాయా ఈ తీర్పును అంగీకరింపలేదు. మొదట చిన్న యంత్రముపై ప్రయోగము జరిపి గేదెపాలనుండి పొడి తీయవచ్చునని చూపెను. కొవ్వును ముందుగనే కొలతప్రకారము వేరుచేయుట, పాలను ఎంత వేడికి గురిచేయవలెనో ఎంతవరకు చిక్కబరుపవలెనో గేదెపాల స్వభావమునుబట్టి నిర్ణయించుట అవసరమని తేలెను. కొవ్వు తీసిన పాలనుండి పొడియు, తీసిన మీగడనుండి వెన్నయు చేయవచ్చును. ఒకదానివలన కలుగు ఇబ్బంది రెండవదానికి ముడిసరకయ్యెను.

ఈ ఫలితముపై నమ్మకముంచి ఐక్యరాజ్యసమితికి చెందిన బాలల నిధి యగు యునిసెఫ్ యంత్రముల నిచ్చుటకు ఒప్పుకొనెను. న్యూజీలాండు ప్రభుత్వము కొలంబో పథకము క్రింద సాయపడెను. 1954 నవంబరు 15న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ కర్మాగారమునకు పునాదిరాయి వేసెను. 1955 అక్టోబరు 31న, సర్దార్ పటేల్ జన్మదినమున, ప్రధాని జవహర్లాల్ నెహ్రూ దానిని ప్రారంభించెను. నీరో తుంపర యంత్రమునుండి గేదెపాల పొడి పరిశ్రమస్థాయిలో వెలువడుట ప్రపంచమున అదియే ప్రథమము. ఆ సంఘపు సరకులకు పెట్టిన అమూల్ అను పేరు తరువాత దేశమంతట వినబడెను.

యంత్రము డెన్మార్కుది, ధనసాయము ఐక్యరాజ్యసమితిది. అయినను పాలు మాత్రము చరోతర్ ప్రాంతపు గేదెలవి. ఆ పాల స్వభావమును ఎరిగి యంత్రమునకు తగినట్లు చేసిన బుద్ధి ఇచటి శాస్త్రజ్ఞునిది. యంత్రమును కొని తెచ్చుకొనవచ్చును. దానిలో పోయు ముడిసరకును గూర్చిన జ్ఞానమును మాత్రము ఎవరును ఓడలో పంపలేరు.

మైసూరులో పసిబిడ్డల ఆహారము

రెండవ పరీక్ష యింకను కఠినమైనది. తల్లిపాలు లభింపని శిశువుల కొరకు ఆ దినములలో పాలపొడి డబ్బాలు విదేశములనుండి వచ్చుచుండెను. అవన్నియు ఆవుపాలతో చేసినవే. గేదెపాలు పసిబిడ్డ కడుపులో గట్టిగడ్డగ పేరుకొనునని, జీర్ణము కావని వైద్యులు సందేహించుచుండిరి. ఈ సందేహము సకారణమైనదే.

1950 అక్టోబరులో మైసూరులోని చెలువాంబ భవనములో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాసంస్థ ప్రారంభమయ్యెను. డాక్టర్ వి. సుబ్రహ్మణ్యన్ దానికి ప్రథమ సంచాలకుడు. అక్కడి శాస్త్రజ్ఞులు గేదెపాలలో అధికమైన కొవ్వును తగ్గించిరి. కాల్షియపు ప్రభావము తగ్గి గడ్డ మెత్తగ నేర్పడునట్లు లవణములను సర్దిరి. చక్కెరను, విటమినులను, ఇనుమును తగుపాళ్లలో చేర్చిరి. మొదట జంతువులపైనను, పిదప వైద్యుల పర్యవేక్షణలో శిశువులపైనను పరీక్షించి దానిని మంచి ఆహారముగ నిర్ధారణ చేసిరి. ఈ విధానమును ఆనంద్ సంఘము స్వీకరించి 1960లో గేదెపాలతో చేసిన శిశువుల ఆహారమును విక్రయమునకు విడుదల చేసెను.

ఈ విజయమునకు ఒక హద్దును గుర్తింపవలెను. తల్లిపాలకు సాటియైన ఆహారము లేదు. డబ్బాపాల ప్రకటనలను చూచి తల్లులు స్తన్యమివ్వ మానుట, అశుభ్రమైన నీటితో పొడికలిపి బిడ్డలకు పట్టుట వలన అనేక దేశములలో కీడు జరిగెను. అందుచే భారత ప్రభుత్వము 1992లో శిశువుల పాలపొడుల ప్రకటనలను, ప్రచారమును అరికట్టు చట్టమును చేసి, 2003లో దానిని మరింత కఠినముచేసెను. తల్లిలేని బిడ్డను కాపాడునది, తల్లియున్న బిడ్డకు హాని కావచ్చును. సాంకేతిక విద్యకు విలువ దాని వినియోగమును బట్టియే యుండును.

నగరమునకు తగిన పాలు

పొడివలన మరియొక ఉపయోగమును బొంబాయి పాలశాఖకు చెందిన దారా ఖురోడీ చూపెను. గేదెపాలలో కొవ్వు 7 శాతము. 3 శాతము కొవ్వు చాలునన్నచో 3 కిలోల గేదెపాలలోని కొవ్వు 7 కిలోల పాలకు సరిపోవును. అయితే నీరు మాత్రమే కలిపినచో అది కల్తీయగును, మాంసకృత్తులు పలుచనగును. మూడు కిలోల గేదెపాలకు 340 గ్రాముల కొవ్వుతీసిన పాలపొడిని, మిగిలిన మేరకు శుభ్రమైన నీటిని చేర్చినచో, 7 కిలోల పాలలో కొవ్వుగాక మిగిలిన ఘనపదార్థము 8.5 శాతము నిలుచును. 1946లో బొంబాయిలో ఈ టోన్డు పాల విక్రయము ఆరంభమయ్యెను. దీనివలన తక్కువధరకు ఎక్కువమందికి పోషకాహారము అందెను. 1963లో ఖురోడీ, కురియన్, త్రిభువనదాస్ పటేల్ ముగ్గురకు కలిపి రామన్ మెగసెసే బహుమానమును ఇచ్చిరి.

1964లో ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రి ఖేడా జిల్లా గ్రామములో ఒక రాత్రి గడిపి సంఘపు పనిని స్వయముగ చూచెను. అట్టి సంఘములు దేశమంతట వెలయవలెనని 1965లో ఆనంద్ కేంద్రముగ జాతీయ పాడి అభివృద్ధి మండలిని ప్రభుత్వము స్థాపించెను. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ అను క్షీరధారా పథకము ఆరంభమయ్యెను. ఆనాడు యూరపు ఆర్థిక సమాజమున పాలపొడియు వెన్నయు గుట్టలుగ మిగిలియుండెను. అందులో 1,26,000 టన్నుల పాలపొడిని, 42,000 టన్నుల వెన్ననూనెను ఆ సమాజము ప్రపంచ ఆహార కార్యక్రమము ద్వారా మొదటి దశకు దానముగ నిచ్చుటకు ఒప్పుకొనెను.

దానము రెండంచుల కత్తి. ఉచితముగ వచ్చిన పొడిని ఉచితముగనో కారుచవుకగనో పంచినచో పాలధర పడిపోయి మనరైతు పాడి మానుకొనియుండెడివాడు. మండలి ఆ పొడిని, వెన్ననూనెను నీటితో కలిపి పాలుగ మార్చి నగరములలో విక్రయించెను. వచ్చిన ధనమును గ్రామసంఘములకును, పాలశీతలీకరణ కేంద్రములకును, కర్మాగారములకును వినియోగించెను. విదేశపు పొడిపై ఆధారపడుట హెచ్చునని, పేదలకంటె స్తోమతగల రైతులకే మేలు కలుగునని విమర్శకులు వాదించిరి. ఆ విమర్శలో కొంత సత్యము లేకపోలేదు. పశువులేని కూలివానికి పాలసంఘము నేరుగ చేయగల సాయము స్వల్పము. అయినను ఒకటి రెండు గేదెలుగల చిన్నరైతులు లక్షలసంఖ్యలో రోజును నగదు చూచుట ఈ పథకముచే సాధ్యమయ్యెను. 1996లో మూడవ దశ ముగిసెను.

తెలుగునాట

కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలలో పాడియనగా ముఖ్యముగ గేదెపాడియే. తెలంగాణలో బర్రె యనియు, కొన్ని చోట్ల ఎనుము అనియు పిలుచునది గేదెనే. కావున గేదెపాలు పొడియగునని తేలుట తెలుగువారికి పరాయి సంగతి కాదు. 1960-70 దశాబ్దిలో యునిసెఫ్ సాయముతో హైదరాబాదు, విజయవాడలలో పాలపథకములు రూపొందెను. ఆ దశాబ్ది ముగియునాటికి విజయవాడలో పాలపొడి, వెన్న తయారుచేయు కర్మాగారము వెలసెను. 1974లో ఆంధ్రప్రదేశ్ పాడి అభివృద్ధి సంస్థ యేర్పడెను. విజయ యను పేరు పాలసీసాలపైనను, తరువాత పాలసంచులపైనను యింటింట కనబడెను. 2002లో ముల్కనూరులో మహిళలే సభ్యులుగాగల స్వకృషి పాడి సహకారసంస్థ పని ప్రారంభించెను. పాలు పితుకుట, మేతవేయుట, పేడతీయుట మొదలగు పనులలో అధికభాగము స్త్రీలదే యైనను, సొమ్ము పురుషుని చేతికే పోవు ఆచారమును అట్టి సంఘములు కొంతవరకు మార్చినవి.

లెక్కలు చెప్పునది

1950-51లో దేశమున ఉత్పత్తియైన పాలు ఒక కోటి 70 లక్షల టన్నులు. 1998లో భారతదేశము అమెరికాను మించి ప్రపంచమున అగ్రస్థానమును పొందెను. 2023-24లో ఉత్పత్తి 23 కోట్ల 90 లక్షల టన్నులు దాటెను. అందులో సగమునకు కొంచెము తక్కువగ గేదెపాలే. ఈ పెరుగుదల యంతయు పొడియంత్రము వలననే కలిగినదనుట అతిశయోక్తి. మేత, పశువైద్యము, మేలుజాతి పశువులు, రోడ్లు, నగరములలో పెరిగిన ఆదాయములు అన్నియు తోడ్పడినవి. అయితే చలికాలపు మిగులు పాలకు గమ్యము లేకున్నచో రైతు రెండవ గేదెను కొనుటకు సాహసించియుండడు.

1988లో ఆహారశుద్ధి పరిశ్రమలకై కేంద్ర ప్రభుత్వములో ప్రత్యేక మంత్రిత్వశాఖ యేర్పడెను. 1991 తరువాత ఆర్థికవ్యవస్థ వేగముగ పెరిగి, ఈ రంగమున ప్రైవేటు కర్మాగారములును విస్తరించెను. అయినను పండ్లు, కూరగాయల విషయమున పాలవలె స్థిరమైన ఏర్పాటు కుదరలేదు. టమాటా ధర పడిపోయినపుడు కోతకూలి కూడ రాదని రైతులు పంటను రోడ్డుపై పారబోయు వార్తలు నేటికిని పత్రికలలో కనబడుచునే యున్నవి. ఆ రైతు స్థితి 1950 ప్రాంతపు ఖేడా రైతు చలికాలపు స్థితియే. మామిడికి, టమాటాకు, అరటికి యంత్రములు విపణిలో దొరకును. మన నేలలో పండు రకముల తేమయెంత, పులుపెంత, ఏ వేడికి రంగు మారును, ఏ మాసమున ఎంత మిగులును అను సంగతులను ఇచటనే శోధింపవలెను. ఆ శోధన ఫలితము రైతునకు చెందు ఏర్పాటును ఇచటనే చేసికొనవలెను.

పొడి పాలకు కాలమును ఇచ్చును గాని ధరను హామీ యివ్వదు. ప్రపంచ విపణిలో పాలపొడి ధర పడినపుడు గిడ్డంగులలోని నిలువలు సంఘములకు భారమగుటయు కలదు. కాలమును సంపాదించునది శాస్త్రము. ఆ కాలమును ఎవరి మేలుకొరకు వాడుకొనవలెనో నిర్ణయించునది సంఘము. ఆనంద్‌లో ఈ రెండును ఒకే కప్పు క్రింద చేరినవి. అందుచేతనే అసాధ్యమన్న పొడి కర్మాగారమునుండి వెలువడిన తరువాత, చలికాలపు పాలను వద్దని రైతును త్రిప్పిపంపవలసిన అగత్యము తప్పినది.